చిన్నమ్మమ్మకి ఏ పిడీ నచ్చలేదు

మా ఆర్డిత్ చిన్నమ్మమ్మకి ఏదీ తేల్చుకోవడం రాదు. కొందరికి ఈత రాదు, కొందరికి పాట రాదు, ఈవిడకి రెండింట్లో ఒకటి ఎంచుకోవడం రాదు. మా మిల్‌స్టోన్ ఫోర్క్ ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు ఇంకా పుట్టలేదు. పుట్టబోయేవాళ్లకి తల్లులు ముందే చెప్పి ఉంచుతారు.

ఆవిడ ఇల్లు కనుక్కోవడం చాలా తేలిక. కొండవాగు వెంబడి పైకి పోతే చిట్టచివర, ముందు గోడ నిండా రంగురంగుల మచ్చలున్న ఇల్లే ఆవిడది. ఏ రంగు వేయిస్తే బాగుంటుందో చూద్దామని మా అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆవిడ అక్కడో కాస్త, ఇక్కడో కాస్త పూసి పెట్టింది. ఇంకా చూస్తూనే ఉంది. కుక్కని తెచ్చుకున్న కొత్తలో పేరేం పెట్టావని ఎవరడిగినా "చూద్దాం" అనేది. పాపం, ఆ కుక్క తన పేరే 'చూద్దాం' అనుకుంది. ఇప్పుడు దానికి మూతి నెరిసింది. "చూద్దాం!" అని పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తుంది.

వయసులో ఉన్నప్పుడు ఇద్దరన్నదమ్ములు ఒకే వసంతంలో ఆవిణ్ణి పెళ్లి చేసుకుంటామని అడిగారు. "కాస్త ఆలోచించుకోనివ్వండి" అంది. ఇప్పుడు ఇద్దరికీ మునిమనవలు. వాళ్లలో పెద్దాయన హర్షెల్ చర్చి మెట్ల మీద కనబడితే ఇప్పటికీ టోపీ తీసి, "ఏమంటావు ఆర్డిత్?" అని అడుగుతాడు. పక్కనే ఉన్న భార్య పగలబడి నవ్వుతుంది. "తొందరేముంది హర్షెల్," అంటుంది చిన్నమ్మమ్మ, ఎంతో సీరియస్‌గా.

వేసవి సెలవులకి నేను ఇంటికొస్తే ఆవిడ కారు తోలడం నా పని. కారు తోలడం ఆవిడకి రాక కాదు. నాలుగు దారుల కూడలి దగ్గర ఆగితే మళ్లీ కదలదు. ఎడమ పక్క దారి బాగుంటుంది, కుడి పక్క దారిలో నీడ ఉంటుంది. వెనక నిలిచిన బళ్లవాళ్లు హారన్ కొట్టడం కూడా మానేసి, దిగి ఒకరి క్షేమం ఒకరు కనుక్కుంటారు. ఆ కూడలిలో ఆవిడ వెనక బారులోనే ఒక పెళ్లి సంబంధం కుదిరిందని చెబుతారు. నేను నమ్ముతాను.

అలాంటి చిన్నమ్మమ్మ ఆ ఏడు రివాల్వర్ కొంటానంది. అదీ మోజెల్ రివాల్వర్.

మోజెల్ అంటే క్లెల్ స్టిడమ్ భార్య. ఆవిడ పోయి రెండు చలికాలాలు దాటాయి. క్లెల్‌ది తేనెటీగల వ్యాపారం. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మైనం వాసన వేస్తూ ఉంటాడు. జన్మలో ఎవర్నీ అగ్గిపుల్ల కూడా అడిగి ఎరగడు. మోజెల్ రివాల్వర్ అరచేతిలో ఇమిడిపోయే బుల్లిది. ఆప్రాన్ జేబులో వేసుకుని కోళ్లగూడుకి పోయేది, అక్కడ పాముల బెడద. పంటల జాతరలో గురి పోటీ పెడితే మగవాళ్లు మూరెడు తుపాకులతో వచ్చేవారు. ఆవిడ ఆ బుల్లిదాంతో వాళ్లందర్నీ ఓడించి, బహుమతిగా పెట్టిన హామ్, అదే పొగబెట్టిన పంది తొడ, చంకనెత్తుకుని ఇంటికి పోయేది. దాని పిడికి ఉన్న చెక్కలు క్లెల్ స్వయంగా నల్ల వాల్‌నట్ కొయ్యతో, ఆవిడ అరచేతి కొలతకి చెక్కినవి. ఉంగరం తొడగకముందే పిడి ఇచ్చాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ వసంతం చివర, నేను సెలవులకి వచ్చిన కొత్తలో, క్లెల్ ట్రక్కు ఇంజను పోయింది. తేనెటీగలకి ఇష్టమైన పుల్లాకు చెట్లు పూసే వేళకి తేనెపెట్టెల్ని కొండ గట్టు మీదికి చేర్చాలి. ట్రక్కు లేకపోతే తేనె లేదు. తేనె లేకపోతే ఆ ఏడు గడవదు. క్లెల్ రివాల్వర్ని డెల్బర్ట్ తుపాకుల కొట్టుకి తీసుకొచ్చాడు. గల్లా బల్ల మీద పెట్టి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, పిడికున్న చెక్కలు రెండూ ఊడదీసి, చేతిరుమాల్లో మూటగట్టుకున్నాడు.

"తుపాకీ అమ్ముతున్నా డెల్బర్ట్. ఇవి కాదు," అన్నాడు.

అంతే అన్నాడు. తేనె అమ్మాక మళ్లీ వస్తానని అనలేదు. అప్పటిదాకా ఉంచమనీ అనలేదు. ఉంచమంటే సాయం అడిగినట్టు. కాని కొట్టులో కూర్చున్న ప్రతివాళ్లకీ అర్థమైంది. పిడి ఇంట్లో దాచుకున్నవాడు తుపాకీ కోసం రాకుండా ఉంటాడా? వచ్చేదాకా అది అక్కడుండాలి, అంతే. డెల్బర్ట్ మంచివాడే. కాని అతనిది కొట్టు, మ్యూజియం కాదు. అడగని సాయం చేస్తే క్లెల్ జన్మలో మళ్లీ ఆ గడప తొక్కడు.

ఆ వారమే చిన్నమ్మమ్మ ఆ గడప తొక్కింది. వెనక నేను.

"డెల్బర్ట్, మోజెల్ రివాల్వర్ ఓసారి చూపించు."

పొయ్యి పక్క బల్ల మీద రోజూ కూర్చుని కొట్టుకి కాపలా కాసే ముసలాళ్లు కాఫీ కప్పులు దించారు. డెల్బర్ట్ నావంక చూశాడు. నేను చేపల గాలాల వంక చూశాను.

"మీకెందుకు ఆర్డితమ్మా?"

"పాములు."

"మీ ఇంటి దగ్గర పాములా? ఎప్పుడూ చెప్పలేదే!"

"అవి వస్తాయో రావో చూద్దామని ఆగాను."

డెల్బర్ట్ తీసిచ్చాడు. పాత రివాల్వర్ని ఎలా చూడాలో ఆ రోజు నేను చిన్నమ్మమ్మని చూసి నేర్చుకున్నాను. ముందు తూటాలుండే చక్రం బయటికి తోసి చూసింది. "ఖాళీ," అంది. "నువ్వూ చూడు లెటీ. వేరేవాళ్లు ఖాళీ అంటే నమ్మకూడదు, నేనన్నా సరే." నేనూ చూసి ఖాళీ అన్నాను. కిటికీ వెలుగుకి పట్టి గొట్టంలోంచి తొంగి చూసింది. చక్రం మూసి, తూటాని కొట్టే గుర్రం వెనక్కి లాగి, వేలితో చక్రాన్ని అటూ ఇటూ ఊపింది. కదల్లేదు, బిగువుగా ఉంది. ట్రిగ్గర్ ఎంత నొక్కితే కదులుతుందో చూసింది. పైనున్న గీతల మీద బొటనవేలు రాసింది.

"ఇవి జేబులో తిరిగిన గీతలు. లోపలంతా శుభ్రంగా ఉంది. మోజెల్ దీన్ని బాగా వాడింది, బాగా చూసుకుంది," అంది.

"కొత్తది ఇదే ధరకి ఇస్తాను ఆర్డితమ్మా," అన్నాడు డెల్బర్ట్ ఆశగా.

"కొత్తదానికేం తెలుసు? ఇది పాముల్ని చూసింది." ఆపైన చెక్కల్లేని ఉత్త ఇనప పిడి చూసి నిట్టూర్చింది. "దీనికి పిడి కావాలి. నా చేతికి నప్పే పిడి దొరికితే తీసుకుంటా. చూస్తున్నాను."

'చూస్తున్నాను' అనేశాక ఇంక చేసేదేమీ లేదు. డెల్బర్ట్ తాత పెట్టిన పద్ధతి అది. ఆ కొట్టులో ఒక మనిషి ఒక వస్తువుని చూస్తున్నాను అంటే, చూసేశాను అనేదాకా దాన్ని ఇంకొకరికి అమ్మరు. చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్నవాళ్ల దగ్గర్నుంచి లాక్కోవడం మా కొండల్లో మర్యాద కాదు. ఈ పద్ధతి పెట్టినప్పుడు తాతగారికి మా చిన్నమ్మమ్మ సంగతి తెలియదు. ఆవిడ అప్పటికి ఉయ్యాల్లో ఉంది.

ఇక పిడుల భాగోతం మొదలైంది.

డెల్బర్ట్ ముందు రబ్బరుది బిగించాడు. "మెత్తగా ఉంది. పేలినప్పుడు అరచేయి నొప్పెట్టదు," అంది. డెల్బర్ట్ మొహం విప్పారింది. "కాని జేబుకి పట్టేసుకుంటుంది. పాము ఎదురుగా ఉంటే నేను ఆప్రాన్‌తో కుస్తీ పడుతూ నిలబడనా?"

నున్నటి కొయ్యది బిగించాడు. జేబులోంచి చక్కగా జారి వచ్చింది. "చెమట పడితే చేతిలోంచి కూడా ఇలాగే జారుతుంది."

వేళ్ల కోసం గాడులు తీసినది బిగించాడు. "ఈ గాడులు నా వేళ్లవి కావు డెల్బర్ట్. ఎవరివో. ముక్కూమొహం తెలియని మనిషి వేళ్ల సందుల్లో నా వేళ్లు దూర్చమంటావా?"

జింక కొమ్ములాంటిది బిగించాడు. "ఇది పట్టుకుంటే జింకకి క్షమాపణ చెప్పాలనిపిస్తోంది."

"అది ప్లాస్టిక్ ఆర్డితమ్మా!"

"అయితే ప్లాస్టిక్‌కి చెప్పాలనిపిస్తోంది."

ముత్యంలా మెరిసే తెల్లది బిగించాడు. చాలాసేపు మురిపెంగా చూసుకుంది. "దీని మీదికి కొత్త బూట్లు కొనాలి. ఏ రంగువి కొనాలంటావు?"

డెల్బర్ట్ బల్ల మీద తల వాల్చేశాడు.

అలా ప్రతి శనివారం. మేము వెళ్లడం, డెల్బర్ట్ కొత్త పెట్టె దించడం, ఆవిడ బిగింపించుకుని, ఒంటి చేత్తో, జంట చేతుల్తో, ఆప్రాన్ జేబులోంచి, కోటు జేబులోంచి పట్టి చూడడం, ఏదో వంక పెట్టడం. కొట్టు వెనక దిబ్బకి కట్టిన కాగితం మీద కాల్చి కూడా చూసింది. గురి అద్భుతంగా కుదిరింది. "మరీ బాగా కుదిరింది. అనుమానంగా ఉంది," అని ఆ పిడి కూడా వద్దంది.

ఓ శనివారం క్లెల్ అక్కడే ఉన్నాడు. తేనెపెట్టెలకి మేకులు కొనుక్కోవడానికి వచ్చాడు. భార్య రివాల్వర్ చిన్నమ్మమ్మ చేతిలో తిరగడం కాసేపు చూశాడు. చివరికి నవ్వు తెచ్చిపెట్టుకుని అన్నాడు:

"నీకిది ఎందుకు ఆర్డిత్? కాల్చాలా వద్దా అని నువ్వు తేల్చుకునేలోపు పాము ముసలిదై దానంతటదే పోతుంది."

ముసలాళ్ల బల్ల గొల్లున నవ్వింది.

"అందుకే కదా బుల్లిది చూస్తున్నా. బరువు తక్కువ. పాము ముసలిదయ్యేదాకా చెయ్యి నొప్పెట్టకుండా పట్టుకోవచ్చు," అంది చిన్నమ్మమ్మ.

క్లెల్ నవ్వలేదు. మేకుల సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. ఊరికైతే ఎప్పుడో వచ్చింది. హోటల్లో వడ్డించే లవేడా ఆవిడ ముందు బీన్స్ గిన్నె, మొక్కజొన్న రొట్టె కాస్త గట్టిగానే పెట్టింది. "మోజెల్ వస్తువు మీద పడ్డావేం ఆర్డిత్? ప్రపంచంలో ఇంకో తుపాకీ లేదా?"

"ఇంకా కొనలేదు కదమ్మా. చూస్తున్నా."

కారెక్కాక నేను అడిగేశాను. "చిన్నమ్మమ్మా, క్లెల్ తాత దాని కోసం వస్తాడని నీకు తెలీదా? వదిలెయ్యకూడదూ?"

"చూద్దాం," అంది. వెనక సీట్లో కుక్క తననే పిలిచారనుకుని లేచి నిలబడింది.

ఎండలు ముదిరాక ఓ శనివారం నగరం నుంచి ఆకుపచ్చ చొక్కా ఆయనొకడు వచ్చాడు. పాత రివాల్వర్లు వెతికి వెతికి కొనే మనిషి. చిన్నమ్మమ్మ చేతిలోది చూడగానే కళ్లు మెరిశాయి. "ఇలాంటివి ఇప్పుడు తయారు కావడం లేదు. నేను తీసుకుంటాను. ఎంతన్నా సరే," అన్నాడు.

"ఆ అమ్మ చూస్తున్నారండి," అన్నాడు డెల్బర్ట్.

"ఎప్పట్నుంచి?"

"వసంతంలో డాగ్‌వుడ్ పూలు రాలేటప్పట్నుంచి."

ఆయన ఆవిడవైపు తిరిగాడు. "అమ్మా, మీకు కావాలా, వద్దా? ఒక్క మాట చెప్పండి."

ఆ ప్రశ్న మా చిన్నమ్మమ్మని ఎవరూ అడగరు. ఆవిడ వద్దంటే అది ఆ సాయంత్రానికే నగరంలో ఏదో అద్దాల బీరువాలో ఉంటుంది. గట్టు మీద పుల్లాకు పూత అప్పుడే రాలుతోంది. క్లెల్ ఇంకా తేనె తియ్యనే లేదు.

"మీకు వీటి గురించి బాగా తెలిసినట్టుంది నాయనా," అంది చిన్నమ్మమ్మ తీయగా. "ఇలా కూర్చోండి. మీరే చెప్పండి, రబ్బరుదా, కొయ్యదా?"

పాపం, ఆయన కూర్చున్నాడు. రబ్బరుది మేలన్నాడు. మరి జేబుకి పట్టుకోదా అంది. అయితే కొయ్యదన్నాడు. మరి చెమట? గళ్లు చెక్కిన కొయ్య అన్నాడు. అది అరచేయి గీరుకోదా? అరచేతికి తొడుగు వేసుకోవచ్చన్నాడు. తోలుదా, నూలుదా? సాయంత్రానికి ఆయన చొక్కా గుండీలు రెండు విప్పేసి, రెండు చేతుల్లో రెండు పిడులు పట్టుకుని, "నిజమే, ఏదీ పూర్తిగా బాగాలేదు," అని తనలో తను గొణుక్కుంటున్నాడు. పోయేటప్పుడు కూడలి దగ్గర ఆయన కారు చాలాసేపు ఆగి ఉందని చూసినవాళ్లు చెప్పారు.

ఆ తర్వాత డెల్బర్ట్ దగ్గర పిడులు అయిపోయాయి. ఇక ఆవిడ కొనక తప్పదని, లేదా వదలక తప్పదని అందరూ అనుకున్నారు. ఆ మరుసటి శనివారం డెల్బర్ట్ పైఅర నుంచి దుమ్ము పట్టిన ఇంకో పెట్టె దించాడు. ఆవిడ ఒక్కొక్కటీ పెట్టి చూసి, "బిగువు లేదు," "అంచు దాటిపోతోంది," అంటూ పక్కన పెట్టింది. అతను "అవునవును," అంటూ ఇంకోటి అందించాడు. ఇద్దరి మొహాల్లోనూ చిరునవ్వు ఛాయ లేదు.

చివరికి ఓ శనివారం పొద్దున్నే తలుపు తెరుచుకుని క్లెల్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు. ట్రక్కు బయట ఖాళీగా నిలబడి ఉంది. తేనె అమ్ముడుపోయిందని అడక్కుండానే తెలిసింది. బల్ల దగ్గరికి వచ్చి, చిన్నమ్మమ్మ చేతిలో రివాల్వర్ చూసి ఆగిపోయాడు. అది ఆవిడ చూస్తున్న వస్తువు. ఇమ్మని ఆవిణ్ణి అడగడు. అమ్మమని డెల్బర్ట్‌నీ అడగడు. టోపీ చేత్తో తిప్పుకుంటూ గోడకున్న గాలాల వంక చూడడం మొదలుపెట్టాడు. అవి చూస్తూ ఎంత బాధని దాచుకోవచ్చో నాకు తెలుసు.

అప్పుడు చిన్నమ్మమ్మ రివాల్వర్ని బల్ల మీద ఠక్కున పెట్టింది.

"డెల్బర్ట్! ఇన్నాళ్లూ నా కాళ్లరిగేలా తిప్పావు. నీ కొట్టులో నా చేతికి సరిపడే పిడి ఒక్కటి లేదు. నా పాములే నయం. ఇంక చాలు, చూసేశాను!"

అని అటు తిరిగి, గడ్డి టోపీలు తలకి పెట్టుకుని చూసుకోవడంలో పడిపోయింది.

"ఇంకెవరన్నా చూస్తారా?" అన్నాడు డెల్బర్ట్, కొట్టులో వందమంది ఉన్నట్టు.

"నేను చూస్తాను," అన్నాడు క్లెల్.

కాగితాల పని, డబ్బు పని అయ్యాయి. క్లెల్ జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. నల్ల వాల్‌నట్ చెక్కలు రెండూ ఇనుముకి అటూ ఇటూ పెట్టి స్క్రూ బిగిస్తుంటే ముసలాళ్ల బల్లంతా లేచి వచ్చి చుట్టూ నిలబడింది. చిన్నమ్మమ్మ మాత్రం గడ్డి టోపీ నెత్తినే ఉంచుకుని తోసుకుంటూ వచ్చింది. "ఓసారి ఇలా ఇయ్యి." పట్టుకుంది. వేళ్లు ముడిచింది.

"ఇది కుదిరింది," అంది వెంటనే. "డెల్బర్ట్, ఇదెందుకు చూపించలేదు? ఇది తీసుకుంటున్నాను."

రెప్పపాటులో ఆవిడ ఒక నిర్ణయం తీసుకోవడం మా ఊరు చూడడం అదే మొదలు.

"ఆలస్యం చేశావు ఆర్డిత్!" అన్నాడు క్లెల్. రివాల్వర్ని ఆవిడ చేతిలోంచి మెల్లగా తీసుకుంటూ నవ్వాడు. మోజెల్ పోయాక అతను అంత మనసారా నవ్వడం నేను చూడలేదు. "ఎప్పుడూ ఇంతేనమ్మా నువ్వు! మనసు గట్టి చేసుకునేసరికి బండి వెళ్లిపోతుంది."

ముసలాళ్లు పడీపడీ నవ్వారు. మధ్యాహ్నానికల్లా ఊరంతా అదే కథ: క్లెల్ వచ్చి ఆర్డిత్ ముక్కు కింద నుంచి రివాల్వర్ ఎగరేసుకుపోయాడట! క్లెల్ ఆ కథని అందరికన్నా ఎక్కువసార్లు చెప్పుకున్నాడు. ఎవరి దయా లేకుండా, గెలిచి తెచ్చుకున్నవాడి కథ అది.

కారు కూడలి దాటించి అడిగాను.

"కావాలనే చేశావు కదూ?"

"ఏం చేశాను? జన్మంతా చేసేదే చేశాను. నాకు వచ్చింది అదొక్కటే. ఇన్నాళ్లకి ఓ పనికొచ్చింది."

"మరి డెల్బర్ట్?"

చిన్నమ్మమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వింది. "పైఅర పెట్టెలో ఉన్నవి పెద్ద రివాల్వర్ పిడులే పిల్లా. ఆ బుల్లిదానికి దేవుడొచ్చినా పట్టవు. అతనికి తెలీదూ?"

"నేను అందరికీ చెబుతాను!"

"చెప్పావంటే కారు నేనే తోలుకుంటా."

నేను నోరు మూసుకున్నాను. కాని హోటల్లో లవేడా, "ఏం ఆర్డిత్, పాముల గతేంటి మరి?" అని నలుగురిలో ఆటపట్టించినప్పుడు, ఎప్పట్లా గిన్నెలోకి తల దించుకోలేదు. పోటీలో హామ్ గెలిచినవాళ్ల పక్కన కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాను.

ఆ మరుసటి రోజు సాయంత్రం క్లెల్ మా వాగు చివరికి వచ్చాడు. ఓడిపోయినవాళ్లని ఓదార్చాలి కదా! వరండా మెట్టు మీద రెండు తేనె సీసాలు పెట్టాడు. ఒకటి పుల్లాకు పూలది, లేత రంగు. ఇంకోటి అడవి పూలది, ముదురు.

"ఒకటి నీకు ఆర్డిత్. ఏది నచ్చితే అది ఉంచుకో. రెండోది రేపొచ్చి పట్టుకుపోతా."

మర్నాడు సాయంత్రం వచ్చాడు. తేల్చుకున్నావా అన్నాడు. ఆవిడ రెండు చెంచాలు తెచ్చి, నువ్వూ రుచి చూసి చెప్పమంది. చీకటిపడేదాకా మెట్ల మీద కూర్చుని ఇద్దరూ దాని మంచీ దీని చెడ్డా మాట్లాడుకున్నారు. ఆ మర్నాడూ వచ్చాడు. నా సెలవులు అయిపోయి నేను బయల్దేరే సాయంత్రానికి సీసాలు రెండూ సగానికి దిగాయి. కుక్క క్లెల్ బూటు మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది.

"తేలిందా?" అంటున్నాడు క్లెల్, చెంచా నాకుతూ.

"ఎక్కడ! ఇంకా చూస్తున్నా," అంది చిన్నమ్మమ్మ. "రేపు రా."